కొత్త ప్యాడ్లు, పాత తుప్పు

బ్రేకు భాగాలను బయటి కంపెనీలవి వేయించిన తరువాత మొదలైన చప్పుళ్ళ గురించి, వణుకు గురించి వచ్చిన ఉత్తరాలను, ఒకే రకం సందేహాలను కలిపి, ఐదు ప్రశ్నలుగా ఇస్తున్నాము. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం డిస్కు; బ్రేకు తొక్కినప్పుడు రెండు వైపుల నుంచి దాన్ని నొక్కి పట్టే రాపిడి పలకలు ప్యాడ్లు.

ప్రశ్న: నా కారు ముందు చక్రాలకు కంపెనీ ప్యాడ్లకు బదులు బయట దొరికే సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేయించాను. డిస్కులు పాతవే. మెల్లగా వెళ్తూ పెడల్ మీద కాలు ఆనిస్తే చెవులు గింగురుమనేలా కీచుమంటోంది. గట్టిగా తొక్కితే చప్పుడు ఉండదు. బ్రేకు మాత్రం బాగానే పడుతోంది. ఇవి నాసిరకం ప్యాడ్లా? తీసేసి మళ్ళీ కంపెనీవే వేయించమంటారా?

జవాబు: బ్రేకు బాగా పడుతోందని మీరే రాశారు కనుక, ప్యాడ్లను పారవేసే ముందు వాటిని ఎలా బిగించారో చూడడం మంచిది. కీచుమనడం అంటే ప్యాడ్, డిస్కు కలిసి సెకనుకు వెయ్యికి పైగా, ఒక్కొక్కసారి పదివేలకు పైగా సార్లు అదరడమే. రాపిడిలో ప్యాడ్ డిస్కును పట్టుకుంటూ వదులుతూ ఉంటుంది. ఆ అదురు డిస్కుకు సహజంగా ఉండే అదురుతో కలిసిందంటే, కొట్టిన గంటలాగా డిస్కే మోగుతుంది. గట్టిగా తొక్కినప్పుడు ప్యాడ్‌కు మెదలడానికి చోటు ఉండదు కాబట్టి మోత ఆగిపోతుంది. ప్యాడ్‌ను కుదురుగా పట్టి ఉంచి, ఆ అదురును మింగేయవలసిన చిన్న చిన్న వస్తువులలో ఏదో ఒకటి మీ కారులో తప్పిపోయి ఉంటుందని నా అనుమానం.

అలాంటివాటిలో మొదటిది షిమ్. ప్యాడ్ వెనుక ఉండే ఇనుప పలకకు, దాన్ని డిస్కు మీదికి నొక్కే పిస్టన్‌కు మధ్య కూర్చునే, రబ్బరు పొర ఉన్న పలుచని రేకు ఇది. బయటి ప్యాడ్లలో కొన్ని షిమ్ లేకుండానే వస్తాయి. పాతవి విప్పినప్పుడు వాటి షిమ్‌లు కూడా చెత్తబుట్టలోకి పోతాయి, ఆ సంగతి ఎవరూ గమనించరు. దీనికి తలకిందులుగా జరగడం కూడా చూశాను: కొత్త ప్యాడ్‌కు షిమ్ అతికించే ఉన్నా, పాతదాన్ని కూడా దాని మీద పెట్టేయడంతో మందం పెరిగి, ప్యాడ్ డిస్కును వదలకుండా ఇరుక్కుపోతుంది.

రెండవది, ప్యాడ్ చెవులు కూర్చునే చోట ఉండే స్ప్రింగు క్లిప్పులు. వాటిని ఊడదీసి, వాటి కింద, ప్యాడ్లను మోసే బ్రాకెట్‌కు పట్టిన తుప్పును వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా గీకాలి. వీలైతే కొత్త క్లిప్పులే వేయాలి. ప్యాడ్‌ను బొటనవేలితో తోస్తే జారాలి, అలాగని గలగలలాడకూడదు. దాన్ని సుత్తితో కొట్టి కూర్చోబెట్టవలసి వచ్చిందంటే క్లిప్పు కింద తుప్పు ఇంకా మిగిలి ఉన్నట్టే. ప్యాడ్ చెవులకు, వెనుక పలకకు, పిస్టన్ ఉండే బిగింపు, అంటే కాలిపర్, జారే పిన్నులకు వేడిని తట్టుకునే సిలికాన్ లేదా సిరామిక్ గ్రీజు పలుచగా రాయాలి. మామూలు చక్రాల గ్రీజు రాస్తే పిన్నుల రబ్బరు ఉబ్బి, కొన్నాళ్ళకు కాలిపర్ కదలకుండా బిగుసుకుంటుంది. డిస్కును తాకే ముఖం మీద ఏ గ్రీజూ పడకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక మీ పాత డిస్కుల సంగతి. డిస్కు వెలుపలి అంచు మీదుగా వేలిగోరును లోపలికి జరపండి. గోరు తట్టుకునేంత మెట్టు ఉంటే, కొత్త ప్యాడ్ అంచు ఆ మెట్టును ఎక్కి కూచుని కీచుమంటూ ఉండవచ్చు. మెట్టు లేకపోయినా, పాత ప్యాడ్ పదార్థం పొరగా డిస్కు మీద అంటుకుని ఉంటుంది. వేరే రకం ప్యాడ్‌కు ఆ పొర పడదు. ఎమరీ కాగితంతో అడ్డదిడ్డంగా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనిస్తే చాలు. డిస్కు మీద కనీస మందం అంకెల్లో అచ్చు వేసి ఉంటుంది. మీ డిస్కు అంతకన్నా పలుచబడి ఉంటే మాత్రం ఈ శ్రమ దండుగ, దాన్ని మార్చవలసిందే.

ఇవన్నీ చేసిన తరువాత కూడా చలి వేళల్లో కొంచెం కీచు మిగిలితే, అది సెమీ మెటాలిక్ ప్యాడ్ల స్వభావమే. అందులోని ఉక్కు పోగులు వేడిని బాగా తట్టుకుంటాయి కానీ సద్దు చేస్తాయి, డిస్కును కూడా కాస్త ఎక్కువ అరగదీస్తాయి. చెవికి హాయి ముఖ్యమనుకుంటే వచ్చేసారి సిరామిక్ ప్యాడ్లు తీసుకోండి. కొనేటప్పుడు కొన్ని ప్యాడ్ల మీద కనిపించే "ఇ" గుర్తు, దాని పక్కన "90ఆర్" అన్న అక్షరాలు ఐక్యరాజ్యసమితి 90వ నిబంధన ప్రకారం పరీక్షించారని తెలుపుతాయి. ఆ పరీక్ష బ్రేకు పట్టు అసలు ప్యాడ్‌కు సుమారు 15 శాతం తేడాలోపు ఉందా అని చూస్తుందే తప్ప, మీ చెవుల సంగతి అది పట్టించుకోదు.

ప్రశ్న: ముందు డిస్కులు, ప్యాడ్లు రెండూ కొత్తవి వేయించాను. మొదట్లో అద్భుతంగా ఉన్నాయి. 6,000 కిలోమీటర్లు తిరిగేసరికి, 100 వేగం నుంచి బ్రేకు వేస్తే స్టీరింగ్ రెండు చేతుల్లో ఊగిపోవడం మొదలైంది. డిస్కు వంగిందని మెకానిక్ లేత్ మీద చెక్కించాడు. కొన్ని నెలలు బాగుండి మళ్ళీ అదే వణుకు. బయటి డిస్కులు వేడికి వంగిపోతాయన్నది నిజమేనా?

జవాబు: వేడికి డిస్కు అప్పడంలా వంగిపోతుందన్న మాట అందరి నోటా వినబడుతుంది కానీ, మామూలు రోడ్డు మీద నడిచే కారులో అలా జరగడం చాలా అరుదు. మీరు రాసిన రెండు వివరాలలోనే అసలు కారణం దాగి ఉంది: వణుకు మొదటి రోజున రాలేదు, చెక్కించిన తరువాత పోయి మళ్ళీ వచ్చింది. నేరం డిస్కుదే అయితే చెక్కించడంతో పీడ వదిలి ఉండేది. డిస్కు కూర్చున్న ఇరుసు కొస పళ్ళెం, అంటే హబ్‌ను అనుమానించవలసిన సందర్భం ఇది.

డిస్కు తిరిగేటప్పుడు పక్కలకు ఏ కాస్తో ఊగడం సహజం. ఆ ఊపు చాలా కార్లలో 0.05 మిల్లీమీటర్ల లోపు ఉండాలంటారు. మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. హబ్ ముఖం మీద ఒక తుప్పు పెళ్ళ మిగిలిపోయి, డిస్కు ఒక వైపు 0.03 మిల్లీమీటర్లు ఎత్తుగా కూర్చుందనుకోండి. డిస్కు వ్యాసం హబ్ ముఖం వ్యాసానికి దాదాపు రెండింతలు కాబట్టి, ఆ తేడా డిస్కు అంచు దగ్గర 0.06 అవుతుంది. అంత చిన్న ఊపు మీ చేతికి తెలియదు, అందుకే మొదట్లో అంతా అద్భుతంగా అనిపించింది. అయితే బ్రేకు వేయనప్పుడు కూడా డిస్కులో ఎత్తుగా ఉన్న చోటు ప్రతి చుట్టులోనూ ఒకసారి ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. వేల కిలోమీటర్లు అలా రాసుకున్నాక అక్కడ డిస్కు పలుచబడుతుంది. మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండనంత, వచ్చినా చాలు. బ్రేకు వేసినప్పుడు పిస్టన్ ఆ పల్లం దగ్గర ముందుకు, మిగతా చోట వెనక్కు జరుగుతూ, బ్రేకు ఆయిల్ ద్వారా పెడల్‌నూ, సస్పెన్షన్ ద్వారా స్టీరింగ్‌నూ కుదుపుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం సెకనుకు 14, 15 చుట్లు తిరుగుతుంది. వేగం తగ్గే కొద్దీ ఆ కుదుపు కూడా నెమ్మదించడం మీరు గమనించే ఉంటారు. లేత్ మీద చెక్కించినప్పుడు పల్లం పోయింది, కానీ హబ్ మీది పెళ్ళ అలాగే ఉంది కనుక కథ మళ్ళీ మొదటికి వచ్చింది.

రెండు జతల డిస్కులు మార్పించినా వణుకు పోని ఒక కారును కొంతకాలం కిందట నేనే విప్పి చూశాను. హబ్ ముఖమంతా వైర్ బ్రష్ పెట్టి మెరిసేలా తోమారు, అంతవరకు బాగానే ఉంది. కానీ చక్రం నట్లు ఎక్కే ఒక స్టడ్ మొదట్లో, బ్రష్ అందని మూలన, కోసి పారేసిన గోరుముక్కలాంటి నెలవంక ఆకారపు తుప్పు మిగిలిపోయింది. డిస్కు లోపలి ముఖం మీద సరిగ్గా అదే చోట అదే ఆకారంలో నల్లటి ముద్ర పడి ఉంది. ఊపును కొలిచే డయల్ గేజ్ 0.11 మిల్లీమీటర్లు చూపించింది. స్టడ్‌ల చుట్టూ ఎమరీ గుడ్డ తిప్పి ఆ పెళ్ళను తీసేసి, అదే డిస్కును తిరిగి బిగిస్తే గేజ్ ముల్లు 0.03 దాటలేదు.

మీరు చేయించవలసిన పని కూడా అదే. చక్రం విప్పి, హబ్‌ను స్టడ్‌ల మొదళ్ళతో సహా శుభ్రం చేయించి, డిస్కు పెట్టి, నట్లన్నీ తగిన వాషర్లతో సమంగా బిగించిన తరువాత, డిస్కు అంచుకు సుమారు 10 మిల్లీమీటర్లు లోపలగా డయల్ గేజ్ ఆనించి ఒక చుట్టు తిప్పి చూడాలి. ఎక్కువగా ఉంటే డిస్కును ఒక స్టడ్ పక్కకు జరిపి మళ్ళీ కొలవాలి. హబ్ ఊపు, డిస్కు ఊపు ఒకదాన్నొకటి కొట్టివేసుకునే స్థానం చాలాసార్లు దొరుకుతుంది. దొరకకపోతే, కారు మీదనే అమర్చి చెక్కే లేత్ ఉన్నచోట డిస్కును హబ్‌తో కలిపి చెక్కించవచ్చు. మీ డిస్కుల మందాన్ని మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల కొలిపించి, ఇంకా చెక్కడానికి మందం మిగిలి ఉందో లేదో కూడా తేల్చుకోండి. ఆఖరున చక్రం బిగించేటప్పుడు గాలి తుపాకీతో బర్రుమని ఒక్కో నట్టును వాయించనివ్వకండి. నట్లు ఎదురెదురుగా, విడతలవారీగా, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగియాలి. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగిస్తే తుప్పు లేని హబ్ మీద కూడా డిస్కు పక్కకు లాగబడుతుంది.

ఇదే వణుకుకు ఇంకొక కారణం కూడా ఉంది, అది నడిపేవారి కాలిలో ఉంది. పెద్ద దిగుడు దిగి, డిస్కులు కాలిపోతున్న వేళ కారు ఆపి పెడల్‌ను అలాగే నొక్కి పట్టుకుంటే, ప్యాడ్ పదార్థం ఆ ఒక్క చోట ఎక్కువగా అంటుకుంటుంది. డిస్కు మీద ప్యాడ్ ఆకారంలోనే నల్లటి లేదా నీలి మచ్చ కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం. కొత్త ప్యాడ్లు వేసిన రోజున, ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 10 వరకు మధ్యరకం ఒత్తిడితో పదిసార్లు వేగం తగ్గించి, ఎక్కడా పూర్తిగా ఆపకుండా, ఆ తరువాత కొన్ని కిలోమీటర్లు బ్రేకు తాకకుండా నడిపితే పొర డిస్కంతటా సమంగా పడుతుంది. ప్యాడ్ తయారీదారు పెట్టె మీద వేరే పద్ధతి చెప్పి ఉంటే దానినే పాటించండి.

బ్రేకు వేయకపోయినా 80, 100 మధ్య స్టీరింగ్ వణికితే అది చక్రాల బ్యాలెన్సింగ్ లోపం కావచ్చు. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు మాత్రమే కుదిపితే వెనుక బ్రేకులను చూడాలి.

ప్రశ్న: ప్యాడ్లు మార్చిన మరునాటి నుంచి, బ్రేకు వేయకుండా వెళ్తున్నప్పుడు రేకు గీరినట్టు సన్నని చప్పుడు వస్తోంది. వేగంతో పాటు అదీ పెరుగుతుంది.

జవాబు: ముందుగా డిస్కు వెనుక ఉండే రేకు కవచాన్ని చూడండి. పని చేసేటప్పుడు మోచేయి తగిలినా అది వంగి డిస్కును రాసుకుంటుంది; చేత్తో వెనక్కు వంచితే సరిపోతుంది. కవచానికి, డిస్కుకు మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా ఇలాగే గీరుతుంది. రెండూ కాకపోతే, అరుగుదలను హెచ్చరించే చిన్న లోహపు నాలుక ఉన్న ప్యాడ్‌ను తప్పు వైపు బిగించి ఉంటారు. ప్యాడ్ రెండు, మూడు మిల్లీమీటర్లకు అరిగినప్పుడు డిస్కును తాకి అరవవలసిన ఆ నాలుక, వంగి గాని తారుమారుగా గాని ఉంటే కొత్త ప్యాడ్‌తోనే అరవడం మొదలుపెడుతుంది.

ప్రశ్న: రంధ్రాలు, గాడులు ఉన్న పెద్ద డిస్కులు, రేసు ప్యాడ్లు వేయించాను. బ్రేకు వేసినప్పుడల్లా బొయ్యిమంటూ మోత వస్తోంది, పొద్దున మొదటి రెండు మూడుసార్లు సరిగా ఆగడం లేదు.

జవాబు: గాడులు ప్యాడ్ మీదుగా వరుసగా పోతుంటే ఆ మోత పుడుతుంది. వేగంతో పాటు దాని స్థాయి తగ్గుతూ పెరుగుతూ ఉంటే అందులో లోపం వెతకనక్కరలేదు. రెండవ విషయం మాత్రం నాకు నచ్చలేదు. రేసు ప్యాడ్లు బాగా వేడెక్కితేనే పట్టు చూపేలా తయారవుతాయి. ఇంటి నుంచి బయలుదేరి మొదటి మలుపులో ఎవరైనా అడ్డం వస్తే అవి వేడెక్కేదాకా ఆగే వీలు ఉండదు. రోడ్డు మీద నడిపే కారుకు వాటిని తీసేసి రోడ్డు ప్యాడ్లు వేయించండి. రాత్రి తేమకు డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు వల్ల పొద్దున కొంచెం గరగర వచ్చి, రెండు మూడు బ్రేకులకు పోవడం వేరు, అసలు ఆగకపోవడం వేరు.

ప్రశ్న: డిస్కులతో పాటు చక్రం బేరింగ్ కూడా మార్పించాను. కారు దాదాపు ఆగిపోతుండగా, నడక వేగంలో, పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటోంది. వేగంగా ఉన్నప్పుడు ఏమీ లేదు. డిస్కు సమస్యేనా?

జవాబు: డిస్కు మందం తేడా అయితే వేగంలో ఇంకా బాగా తెలియాలి. నడక వేగంలో మాత్రమే కొట్టుకుంటోందంటే, ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు, పొరపాటున పని చేస్తోందని అనుకోవాలి. బేరింగ్ మార్చేటప్పుడు, చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్ కొసకు ఇనుప రజను అంటుకున్నా, దాని కింద తుప్పు చేరి అది కొంచెం పైకి లేచినా, నెమ్మదిగా తిరిగే చక్రం సంకేతం కంప్యూటర్‌కు అందదు. చక్రం జారిపోతోందనుకుని అది బ్రేకును వదులుతూ పడుతూ ఉంటుంది. అంటే మీ కారు ఆగవలసినదానికన్నా కొంచెం ముందుకు పోయి ఆగుతోంది. హెచ్చరిక దీపం వెలగకపోయినా స్కానర్ పెట్టించి, నాలుగు చక్రాల వేగాలను పక్కపక్కన చూస్తూ 5, 10 వేగంలో నడిపించండి. ఒక చక్రం అంకె మిగతావాటికన్నా ముందే సున్నాకు పడిపోతే ఆ సెన్సర్‌ను విప్పి, అది కూర్చునే చోటును శుభ్రం చేయించాలి. అంతవరకు ముందు బండికి మామూలుకన్నా ఎక్కువ దూరంలో నడపండి.