డ్రైవర్ లేని కార్లను దూరం నుంచి హ్యాక్ చేస్తారట. మా అబ్బాయి అలాంటి కారే కొంటానంటున్నాడు, కొననివ్వవచ్చా?

ముందు ఒక అపోహ తీరాలి. మీ అబ్బాయి చూస్తున్నది డ్రైవర్ లేని కారు కాదు. కార్ల స్వయంచలనానికి సున్నా నుంచి అయిదు వరకు స్థాయులున్నాయి. మన షోరూముల్లో ఎక్కువలో ఎక్కువ రెండో స్థాయి దొరుకుతుంది. స్టీరింగుకు, బ్రేకుకు కాస్త సాయం చేస్తుంది, బాధ్యతంతా నడిపేవారిదే. డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగా నితిన్ గడ్కరీ 2023 డిసెంబరులో నాగపూర్‌లో చెప్పారు.

అయితే హ్యాకింగ్ భయానికి కారు తనంతట తాను నడవనక్కరలేదు. ఇంటర్నెట్ ఉంటే చాలు. మాది బరంపురం. రెండేళ్ళ కిందట భువనేశ్వర్‌లో ఒక వ్యాపారి దగ్గర పాత కారు కొన్నాను. మూడో వారంలో ఒక మధ్యాహ్నం భోజనం చేస్తుంటే వాకిట్లో తాళం వేసి ఉన్న కారులో ఏసీ దానంతట అదే మొదలైంది. మర్నాడు తలుపుల తాళాలు టక్కున తెరుచుకున్నాయి. కారుకు దిష్టి తగిలిందని మా అమ్మ నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించింది. నేను మాత్రం ఎవరో హ్యాక్ చేశారనే అనుకున్నాను.

తీరా చూస్తే పాత యజమాని ఫోనులోని యాప్‌కు కారు ఇంకా అనుసంధానమై ఉంది. ఆయన మనవడు ఆ ఫోనుతో ఆడుకుంటున్నాడు. పిల్లవాడి సంగతి సరే, నేను గోపాలపూర్ వెళ్ళినా ఇచ్ఛాపురం వెళ్ళినా ఆ ఇంట్లో తెలిసిపోతుందన్న ఆలోచనకు ఒళ్ళు జలదరించింది. అమ్మిన వ్యాపారి ఈ సంగతే ఎత్తలేదు. ఆర్‌సీ నా పేరుకు మారిన కాగితం చూపించి, సర్వీస్ సెంటర్లో పాత ఖాతా తీయించేసరికి పది రోజులు పట్టింది.

అసలు హ్యాకింగ్ కూడా జరిగింది, కాదనను. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని సెయింట్ లూయిస్ దగ్గర హైవే మీద పోతున్న జీప్ చెరోకీని ఇంట్లో కూర్చుని లొంగదీసుకున్నారు. వారు కూడా మొదట ఏసీ పెంచారు, తర్వాత రేడియో, వైపర్లు, చివరికి యాక్సిలరేటర్ తొక్కినా బండి వేగం అందుకోకుండా చేశారు. లోపల ఉన్న విలేకరికి ముందే చెప్పి చేసిన ప్రయోగం అది. పాటలు వినే తెర నుంచి ఇంజిన్ వైపు వెళ్ళడానికి దారి దొరకడమే అక్కడి లోపం. కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. అందుకే సాఫ్ట్‌వేర్ నవీకరణ వచ్చినప్పుడు వాయిదా వేయకండి. స్టీరింగు కింద ఉండే సాకెట్లో ఊరూపేరూ లేని పరికరాలు గుచ్చకండి. అదే ఏడాది అలాంటి పరికరం గుండా సందేశాలు పంపి ఒక కారు బ్రేకులను ఆడించి చూపించారు.

నన్ను అడిగితే హ్యాకర్ కంటే కారు కంటిచూపే పెద్ద బెంగ. మా గంజాం జిల్లాలో వానాకాలం మొగలి పూల కాలం. ఒడియాలో వాటిని కియా పూలంటారు, కారు పేరు కాదండోయ్! ఒక తెల్లవారుజామున ఛత్రపురం దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద, వేగాన్ని కారే చూసుకునే క్రూయిజ్ పెట్టుకుని వెళ్తున్నాను. ఎదురుగా ఒకాయన సైకిలుకు రెండు వైపులా పూల బస్తాలు కట్టి తోసుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. కారు తెర మీద ఒక క్షణం లారీ బొమ్మ, మరుక్షణం ఏమీ లేదు. వేగం తగ్గలేదు. నేనే బ్రేకు తొక్కాను.

2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో ఉబర్ పరీక్షిస్తున్న కారు, సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపింది. కంప్యూటర్ ఆమెను ఢీకొనడానికి అయిదారు సెకన్ల ముందే చూసింది. చూసి తెలియని వస్తువంది, వాహనమంది, సైకిలంది. కారుతో వచ్చిన అత్యవసర బ్రేకును పరీక్షల కోసం ఆపి ఉంచారు. లోపల కూర్చున్న మనిషి ఫోనులో కార్యక్రమం చూస్తున్నారు. అక్కడ హ్యాకర్ ఎవరూ లేరు.

మీ అబ్బాయిని కొనుక్కోనివ్వండి. పాతదైతే డబ్బు చేతిలో పెట్టేముందు ఆ యాప్ సంగతి తేల్చుకోమనండి. నేనైతే మొగలి పూలు వచ్చే రోజుల్లో ఛత్రపురం దాటి రంభ చేరేదాకా ఆ క్రూయిజ్ మీట జోలికి పోను.