ఖర్చులు పెరగలేదు, లోటు మాత్రం రెట్టింపైంది!

ప్రశ్న: మేడమ్, అసలు అంకెలు రాయడం ఇష్టం లేక వందకి లెక్కగట్టి రాస్తున్నాను. రెండేళ్ల కింద మా ఇంట్లో నెలకి 100 వస్తే 112 పోయేది. తక్కువపడ్డ 12 క్రెడిట్ కార్డు మీద లాగించేసేవాణ్ని. ఇప్పుడు చూస్తే నెలకి 24, 25 తక్కువపడుతోంది. ఇంటి ఖర్చులు పెద్దగా పెరగలేదు, జీతం కూడా తగ్గలేదు, మరి ఇదెక్కడిదో అర్థం కావడం లేదు. ప్రస్తుతం రెండు కార్డుల బాకీ, ఫోన్ యాప్‌లో తీసుకున్న చిన్న అప్పు, బావగారి దగ్గర చేబదులు ఉన్నాయి. రెండో కార్డు సంగతి మా ఆవిడకి తెలీదు. అన్నీ కలిపి ఒకే పెద్ద లోన్ ఇస్తామని రోజూ ఫోన్లు వస్తున్నాయి. తీసుకుని అన్నీ ఒకేసారి తీర్చి పారేస్తే టెన్షన్ పోతుంది కదా! తీసుకోమంటారా? (పేరు వద్దు)

జవాబు: ఇప్పుడే వద్దు. అసలు వద్దనడం లేదు, ఇప్పుడే వద్దంటున్నాను. ఆ తేడా ఏంటో చెప్పేముందు మీకు అర్థంకాని లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తానికి కీలకం అక్కడే ఉంది.

నెలకి 12 చొప్పున రెండేళ్లంటే 288 అప్పు అయ్యుండాలని మీరు అనుకుంటూ ఉంటారు. కానీ కార్డు బాకీ మీద వడ్డీ నెలకి నూటికి మూడు అనుకోండి, అంటే ఏడాదికి 36 శాతం, చాలా కార్డులు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. నెలనెలా 12 కలుపుకుంటూ, వడ్డీకి వడ్డీ వేసుకుంటూ పోతే రెండేళ్లకి అది 413 దాకా వస్తుంది. ఆ 413 మీద ఒక్క నెల వడ్డీ 12.4. ఇప్పుడు కూడండి. మొదటి నుంచీ ఉన్న లోటు 12, వడ్డీ 12.4, వెరసి 24.4. మీ కొత్త లోటు ఇదే. మీ ఇంట్లో ఎవరూ కొత్తగా దుబారా చేయలేదు, పాత లోటు తనకి తోడుగా ఇంకో లోటుని తెచ్చుకుందంతే. (యాప్ అప్పు, చేబదులు విడిగా ఉన్నాయి కాబట్టి అంకె అటూ ఇటూ అవుతుంది, తంతు మాత్రం ఇదే.)

ఇక ఫోన్లు చేసేవాళ్ల లోన్ సంగతి. నిజం చెప్పాలంటే కాగితం మీద అది బాగానే కనిపిస్తుంది. ఆ 413ని ఏడాదికి 15 శాతం వడ్డీకి నాలుగేళ్ల లోన్‌గా మార్చుకుంటే ఈఎంఐ 11.5 వస్తుంది. ఈరోజు మీరు ఒట్టి వడ్డీకే 12.4 పోగొట్టుకుంటుంటే, అంతకన్నా తక్కువ కట్టి నాలుగేళ్లలో అసలుతో సహా బయటపడొచ్చన్నమాట. మరి ఎందుకు వద్దంటున్నాను? లోన్ డబ్బుతో కార్డులు తీర్చిన మర్నాడు మీ దగ్గర రెండు ఖాళీ కార్డులుంటాయి, వాటి లిమిట్ అంతా మళ్లీ మీదే. పాత 12 లోటు ఎక్కడికీ పోలేదు, దానికి 11.5 ఈఎంఐ తోడైంది. రెండో నెలకో మూడో నెలకో ఆ ఖాళీ కార్డే గీకుతారు. ఇలా లోనూ, కార్డు బాకీ రెండూ మోస్తున్నవాళ్ల ఉత్తరాలు ఈ శీర్షికకి వస్తూనే ఉంటాయి, వాళ్లంతా మొదట మీలాగే ప్రశాంతత కోసం తీసుకున్నవాళ్లే.

కాబట్టి వరస మార్చండి. ముందు లోటు, తర్వాత లోన్. మూడు నెలలు వరసగా కొత్త అప్పు ఒక్కటీ చేయకుండా గడిపాక, అప్పుడు తీసుకోండి. తీసుకున్న రోజే ఒక కార్డు మూసేయండి, రెండోదాని లిమిట్ బాగా తగ్గించమనండి. గడువు విషయంలో కూడా మెత్తబడకండి. ఈఎంఐ తగ్గుతుంది కదా అని నాలుగేళ్లని ఆరేళ్లు చేస్తే 11.5 కాస్తా 8.7 అవుతుంది నిజమే, కానీ మొత్తం వడ్డీ 139 నుంచి 216కి పెరుగుతుంది. నాలుగేళ్ల ఈఎంఐ ఎలాగూ కట్టలేను అన్నప్పుడు మాత్రమే ఆరేళ్లకి వెళ్లండి.

ఇందులో చేదు మాట ఒకటుంది. మీరు తగ్గించాల్సింది 12 కాదు. వచ్చేది 100, ఈఎంఐ 11.5, అంటే ఇల్లు 88తో నడవాలి. 112 నుంచి 88కి. ఇది టీలు, సినిమాలు మానేస్తే వచ్చే అంకె కాదండీ. పొదుపు గురించి రాసేవాళ్లు ఎందుకో ఎప్పుడూ ఆ చిల్లర సరదాల మీదే పడతారు, ఉన్న కాస్త సంతోషం తీసేసి నెలాఖరుకి ఒకటో రెండో మిగిల్చి ఇస్తారు. 24 కావాలంటే పెద్ద పద్దుల జోలికే వెళ్లాలి. ఇంటద్దె ఎంత, బండి మీద ఎంత పోతోంది, పిల్లల చదువుకెంత, పాలసీల పేరుతో ఎంత కడుతున్నారు. ఉదాహరణకి ఈఎంఐ మీద కొన్న కారు అమ్మేస్తే ఈఎంఐ ఒక్కటే కాదు, ఇంధనం, రిపేర్లు, బీమా కూడా పోతాయి, ఒక్క దెబ్బకి నాలుగు పద్దులు. కాకపోతే అమ్మితే వచ్చేది ఆ లోన్ బాకీకి సరిపోతుందో లేదో ముందు చూసుకోవాలి. ఆదాయం పెంచుకోమని కూడా చెప్పొచ్చు, వీలుంటే మీరు ఇప్పటికే ఆ ప్రయత్నంలో ఉంటారు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

ఖర్చులు గుర్తున్నంత వరకు రాసుకోవద్దు, గుర్తు ఎప్పుడూ తక్కువే చెబుతుంది. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, రెండు కార్డుల స్టేట్‌మెంట్లు ముందేసుకుని వరసకి వరస చూడండి. ఆటో డెబిట్‌లో పోతున్నవి, ఎప్పుడో పెట్టుకుని మర్చిపోయినవి కొన్ని తగులుతాయి. ఏడాదికోసారి వచ్చే ఫీజులు, బీమా, పన్నులు కూడి 12తో భాగించి ప్రతి నెల ఖర్చులోనూ వేయండి. "ఈ నెల అనుకోకుండా ఖర్చొచ్చింది" అని మనం అనేవాటిలో సగం ప్రతి ఏడూ అదే నెలలో వచ్చేవే.

అప్పుల కాగితం వేరే. ఎవరికి, ఎంత, ఏ వడ్డీ, ఏ తేదీ, ఆఖరున ఇంకో గడి గీసి "కట్టకపోతే ఏమవుతుంది" అని రాయండి. డబ్బు అందరికీ సరిపోని నెలలో ఆ గడే మీకు దారి చూపిస్తుంది. నీడ, కరెంటు, నీళ్లు, మందులు ముందు. తాకట్టు మీద తెచ్చినవి ఏమైనా ఉంటే తర్వాత అవి, ఎందుకంటే ఆగితే వస్తువు పోతుంది. ఎవరు గట్టిగా అరుస్తున్నారన్నదాన్ని బట్టి కట్టొద్దు. ఫోన్లో ఎక్కువ విసిగించేవాళ్లకి ముందు కట్టేసి ఇంటద్దె ఆపేవాళ్లున్నారు.

కట్టాల్సినవన్నీ కట్టాక పైన కాస్త మిగిలితే అది యాప్ అప్పుకి వేయండి. చిన్నదని దాన్ని నిర్లక్ష్యం చేస్తారు గానీ అన్నింటికన్నా ఖరీదైనది సాధారణంగా అదే. 100 అప్పన్నారు, ఫీజు కింద 10 ముందే కోసుకుని 90 చేతికిచ్చారు, నెల తిరిగేసరికి 100 కట్టమన్నారు అనుకోండి. 90కి 10 అంటే నెలకి 11 శాతం పైమాట, ఏడాదికి 133 శాతం. అది తీరాక కార్డులు. బావగారిది వడ్డీ లేనిది కాబట్టి ఆఖర్న పెట్టొచ్చు, కానీ ఆయనకి చెప్పి పెట్టండి. ఫలానా నెల నుంచి ఇంతింత ఇస్తాను బావగారూ అని మీ అంతట మీరే ఒక మాట చెబితే చుట్టరికం నిలుస్తుంది, ఆయన మీ అక్కయ్యని అడిగి తెలుసుకోవాల్సి వస్తే నిలవదు.

కార్డు గురించి రెండు విషయాలు. బాకీ పూర్తిగా తీర్చకుండా మోస్తున్నప్పుడు చాలా కార్డుల్లో కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని రోజులంటూ ఉండవు, కొన్న రోజు నుంచే పడుతుంది. కార్డుతో నగదు తీస్తే ఫీజు కూడా. కాబట్టి ఫోన్‌లో, షాపింగ్ యాప్‌లలో దాచిపెట్టిన కార్డు నంబర్లు ఈరోజే తీసేయండి. రెండోది, మినిమమ్ డ్యూ, అంటే ఈ నెల కనీసం ఇంత కట్టమని కార్డువాళ్లు అడిగే మొత్తం. బాకీ 100, మినిమమ్ 5 శాతం, వడ్డీ నెలకి 3 శాతం అనుకుందాం. మొదటి నెల 5 కడితే 3 వడ్డీకి పోయి 2 అసలుకి పడుతుంది. బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గుతుంది, మీరూ తగ్గించి కడుతూ పోతే 31 నెలల తర్వాత కూడా ఇంకా 53 బాకీ ఉంటుంది. అలా కాకుండా మొదటి నెల కట్టిన ఆ 5నే తగ్గించకుండా నెలనెలా కడితే అదే 31 నెలల్లో బాకీ మొత్తం సున్నా. స్టేట్‌మెంట్‌లో ఎంత అడిగారన్నది చూడకండి, మొదట ఎంత కట్టారో అంతే కట్టండి.

వాయిదా తప్పేలా ఉంటే తప్పకముందే అప్పిచ్చినవాళ్లతో మాట్లాడండి. గడువు పెంచమనో, వడ్డీ తగ్గించమనో, ఆలస్యం ఫీజు మాఫీ చేయమనో అడగడానికి మొహమాటం దేనికి? ఒప్పుకున్నది మెయిల్‌లోనో కాగితం మీదో తీసుకోండి, ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. కొంత కట్టి సెటిల్ చేసుకోమంటే మాత్రం తొందరపడొద్దు, అది సాధారణంగా మీ క్రెడిట్ రికార్డులో పూర్తిగా తీర్చినట్టు కాకుండా సెటిల్ చేసుకున్నట్టే కనిపిస్తుంది, తర్వాత లోన్‌కి వెళ్లినప్పుడు అడ్డొస్తుంది. ముందు ఫీజు కట్టండి, మీ అప్పులన్నీ మాయం చేస్తాం అనేవాళ్ల ఫోన్ పెట్టేయండి.

ఇక మీ ఆవిడ. ఈ వారంలోనే చెప్పండి. ధర్మపన్నాలు కాదు, ఇదీ లెక్కే. ఇంటి ఖర్చు 112 నుంచి 88కి దించాలంటే ఇద్దరూ కలిసి దించాలి, ఎందుకు దించుతున్నామో తెలియని మనిషి ఎంతకాలం సర్దుకుంటారు? చెప్పేటప్పుడు ఆ అప్పుల కాగితం చేతిలో పెట్టి మొత్తం ఒకేసారి చెప్పండి. ఈరోజు ఒక కార్డు, వచ్చే వారం యాప్, ఆ పైన బావగారు అంటూ వాయిదాల్లో మాత్రం చెప్పకండి.

ప్రశ్న: మా మరిది లోన్ తీసుకుంటూ నన్ను హామీ సంతకం పెట్టమంటున్నాడు. "ఊరికే ఫార్మాలిటీ వదినా" అంటున్నాడు. మాకే నెల గడవడం కష్టంగా ఉంది. కాదంటే అత్తగారింట్లో ఏమనుకుంటారో!

జవాబు: ఫార్మాలిటీ అయితే బ్యాంకువాళ్లు అడగరు కదమ్మా! అతను కట్టకపోతే మీరు కడతారన్నదే ఆ సంతకానికి అర్థం, మీకు తర్వాత లోన్ కావాల్సి వచ్చినప్పుడు ఈ హామీని కూడా చాలామంది లెక్కలోకి తీసుకుంటారు. అతని ఈఎంఐ మొత్తం మీరు కట్టగలరా అని వేసుకోండి, మీ పరిస్థితిలో కట్టలేరు, కాబట్టి వద్దు. "మా అప్పులే మా మీదున్నాయి, మీ వదిన సంతకం నీకు పనికిరాదు" అని మీవారి చేత చెప్పించండి, వదిన చెబితే ఒకలా, అన్న చెబితే ఒకలా ఉంటుంది మన ఇళ్లలో. నాలుగు రోజులు ముభావంగా ఉంటారు, ఉండనివ్వండి.

ప్రశ్న: కొంత డిపాజిట్ ఉంది, కార్డు బాకీ కూడా ఉంది. డిపాజిట్ ముట్టుకోవాలంటే మనసొప్పడం లేదు.

జవాబు: డిపాజిట్ మీద ఏడాదికి ఆరో ఏడో శాతం వస్తుంటే కార్డుకి 36 కడుతున్నారు. నెల ఖర్చుకి సరిపడా ఉంచుకుని మిగతాది తీసి బాకీకి కట్టేయండి. ముందే తీసినందుకు కోత పడినా సరే, ఆ కోత సాధారణంగా ఒక నెల కార్డు వడ్డీ అంత కూడా ఉండదు. ఆ నెల ఖర్చు ఎందుకు ఉంచమన్నానంటే, చేతిలో ఏమీ లేకపోతే జ్వరం వచ్చినా కార్డే దిక్కవుతుంది.

ప్రశ్న: ఒకరు 12 శాతం ఫ్లాట్ అంటున్నారు, ఇంకొకరు 16 శాతం రెడ్యూసింగ్ అంటున్నారు. 12 తక్కువే కదా?

జవాబు: కాదు. ఏడాది గడువుతో 100 తీసుకుంటే, ఫ్లాట్‌లో మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం 100 మీదే ఏడాది పొడుగునా వేస్తారు, మొత్తం వడ్డీ 12. రెడ్యూసింగ్‌లో మిగిలిన బాకీ మీదే వేస్తారు కాబట్టి 16 శాతమైనా మొత్తం 9కి లోపే. ఆ 12 ఫ్లాట్‌ని రెడ్యూసింగ్‌లో చెప్పాలంటే 21 శాతం పైనే. శాతాలు పక్కనబెట్టి ఇద్దర్నీ ఒకటే అడగండి, ఈఎంఐ ఎంత, ఎన్ని నెలలు, ఫీజులన్నీ పోను నా చేతికి ఎంత వస్తుంది? ఈఎంఐని నెలలతో గుణించి, అందులోంచి చేతికొచ్చింది తీసేయండి, మిగిలేదే ఆ లోన్‌కి మీరు పెట్టే అసలు ఖర్చు. గడువు ఇద్దరిదీ ఒకటే అయ్యేలా అడగడం మర్చిపోవద్దు.