ఆముదం పట్టించినా అలసందలు పుచ్చిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మా చేలో పండిన అలసందలు 20 కిలోలు. ఎండబెట్టి, ఆముదం పట్టించి డబ్బాకెత్తాం. రెండు నెలలకే బొక్కలు పడ్డాయి. నూనె చాలలేదా? ఇలా చేస్తే పోషకాలు పోతాయా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: నూనె చాలకపోవడం కంటే ఆలస్యంగా పట్టించడమే అసలు కారణం అయివుంటుంది. పుచ్చుపురుగు చేలోనే ఎండుకాయల మీద గుడ్లు పెడుతుంది. గింజలపైనా సూదిమొనంత తెల్లచుక్కలు కనిపిస్తాయి. నూనె ఆ గుడ్లకు గాలి ఆడనివ్వదు, కొత్త గుడ్లను సరిగా అంటుకోనివ్వదు. కానీ పిల్లపురుగు అప్పటికే గింజలోకి తొలిచి ఉంటే పైపూత దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. నెల తిరక్కుండానే అది పెద్దదై, గుండ్రటి బొక్క చేసుకుని బయటికొస్తుంది.

కాబట్టి నూర్చిన వెంటనే, కొరికితే టప్పున విరిగేదాకా ఎండబెట్టండి. నీడలో పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద డబ్బాకెత్తితే లోపల చెమ్మ పడుతుంది. కిలోకు 5 మి.లీ. చొప్పున మీ 20 కిలోలకు 100 మి.లీ. ఆముదం చాలు. అంతా ఒకేసారి పోయకుండా, వెడల్పాటి బేసిన్‌లో రెండేసి కిలోలు వేసి, ప్రతి గింజా మెరిసేలా చేత్తో రుద్దండి. గింజ ముక్కుదగ్గర పూత అందకపోతే పురుగుకు అదే సందు. లోపలున్న పురుగు అనుమానమైతే, పూతకు ముందే కొద్దికొద్దిగా కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటికి తీశాక, కవరు విప్పకుండానే మామూలు వేడికి రానివ్వండి.

నూనె పోషకాలను పెంచదు, పురుగు తినకుండా కాపాడుతుంది. పురుగు తినేది పప్పుబద్దనే; ప్రోటీనూ పిండిపదార్థమూ అక్కడే ఉంటాయి. వదిలేది యూరిక్ ఆమ్లం, అందులోనూ నత్రజని ఉంటుంది. తమాషా ఏమిటంటే, ల్యాబ్‌లో ప్రోటీన్‌ను నత్రజని లెక్కన కడతారు కనుక పుచ్చిన గింజల్లో అది ఎక్కువ చూపించవచ్చు. ఆ అంకె చూసి మురిసిపోకండి.

ప్రశ్న: ఆముదం బదులు వేపనూనె, చెనిక్కాయల నూనె వాడొచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వేపనూనె విత్తనాలకే. తినే గింజలకు చేదు అంటుకుంటుంది. చెనిక్కాయల నూనె పనిచేస్తుంది, కానీ మన ఎండలకు ముక్కవాసన త్వరగా వస్తుంది. మూడు నాలుగు నెలల్లో వాడేసే సరుకుకే పెట్టుకోండి. ఏ నూనె పట్టించినా, నానబెట్టేముందు గోరువెచ్చని నీళ్లలో రెండుమూడుసార్లు రుద్ది కడగాలి.