భయాన్ని కొలిచే ప్రశ్నలు స్పానిష్‌లో అడగాలంటే

ప్రశ్న: ఫిజియోథెరపీ చదువుతున్నానండీ. దవడ నొప్పి ఉన్నవాళ్లకి నోరు కదపాలంటే ఎంత భయమో కొలిచే ప్రశ్నావళిని స్పానిష్‌లోకి తేవడం చాలా పెద్ద పని అని మా మేడమ్ అంటున్నారు. రెండు భాషలూ వచ్చినవాళ్లు కూర్చుని అనువదిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదమ్మా. దీనికి మూలం 1991లో వచ్చిన టాంపా స్కేల్, అంటే నొప్పి ఉన్నవాళ్లకి కదలాలంటే ఎంత భయమో కొలిచే ప్రశ్నావళి. అందులో 17 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా మార్కులు. కాకపోతే అది నడుం నొప్పిలాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాసింది, వ్యాయామం చేస్తే దెబ్బ తగులుతుందేమో అన్న ధోరణిలో ఉంటుంది. దవడ రోగి భయం వేరు. గట్టి రొట్టె కొరకాలంటే భయం, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపుకుంటాడు, దవడ టక్కుమంటే ఏదో విరిగిందని టెన్షన్. ముందు వాక్యాలు వాటి గురించి అడగాలి.

ఇక భాష. స్పెయిన్‌లో దవడని 'మాండిబులా' అంటే మెక్సికోలో చాలామంది 'కిహాదా' అంటారు, ఏ దేశం రోగుల కోసమో ముందే తేల్చుకోవాలి. అందుకే ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, రెండూ కలిపి ఒకటి చేస్తారు, మూలం చూడనివాళ్లు దాన్ని మళ్లీ వెనక్కి అనువదిస్తారు, తేడాలు నిపుణులు సరిచేస్తారు, ఆ తర్వాత 30, 40 మంది రోగులతో చదివించి 'మీకేం అర్థమైంది' అని అడుగుతారు. నా మటుకు నాకు అన్నిటికంటే విలువైన మెట్టు ఇదే, దీన్ని మాత్రం తొందరపడి ముగించకండి. టాంపా స్కేల్‌లో 4 వాక్యాలు తిరగేసి ఉంటాయి, 'అవును' అంటే భయం తక్కువని లెక్క, రోగులు తికమకపడేది ఎక్కువగా అక్కడే. ఇదంతా అయ్యాక కొన్ని రోజుల తేడాతో అదే రోగికి మళ్లీ ఇచ్చి, స్కోరు నిలకడగా వస్తుందో లేదో చూడాలి.