మోటారు వేడెక్కాక చూడు

అమ్మలూ,

మీ నాన్న పాత బోటు మోటారును నువ్వు వరండాలో విప్పేశావని, జూన్ 14తో వేట నిషేధం అయిపోయేసరికి స్టార్ట్ చేస్తానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. మీ అత్తకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాను. మూడోసారి మొదలుపెడితే "విన్నాను లెండి" అంది. ట్రయల్‌కు నువ్వూ బోటులో వెళ్తావన్న మాట దగ్గర మాత్రం నా నిద్ర ఎగిరిపోయింది.

ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే కాయిల్, దానికి కరెంటు వదిలే సీడీఐ పెట్టె కొత్తవి ఆర్డర్ పెట్టేశావట. ఎవరు పెట్టమన్నారే? రోగం తెలియకుండా మందులు కొంటారా? ముందు ఆ ఎర్ర తాడు క్లిప్పు, అదే ఊడితే మోటారు ఆగిపోయేది, స్టాప్ స్విచ్‌కి ఉందో లేదో చూడు. నవ్వకు. అది పెట్టడం మరిచిపోయి స్టార్టర్ తాడు లాగి లాగి భుజం పోగొట్టుకున్నవాళ్ళు మన జాలారిపేటలోనే ఉన్నారు. ప్లగ్గులు మార్చు. ప్లగ్గు టోపీల లోపల చిలుము పట్టిందేమో చూడు. ఆ తర్వాత స్టాప్ స్విచ్ వైరు. అది ఎక్కడైనా ఒరుసుకుని రాగి బయటపడి బాడీకి తగిలిందంటే, ఎవరో స్విచ్ నొక్కి పట్టుకున్నట్టే. ఆ కనెక్టర్ విప్పాక స్పార్క్ వచ్చిందా, తప్పు ఆ వైరుదో స్విచ్‌దో, సీడీఐది కాదు. అలా విప్పి స్టార్ట్ చేస్తే స్విచ్‌తో ఆగదు, చోక్ లాగి ఆపాలి.

స్పార్క్ చూసేటప్పుడు పెట్రోలు పైపు తీసి ట్యాంకును దూరంగా పెట్టు. ప్లగ్గును టోపీకి తగిలించి, దాని ఒంటిని ఇంజన్ ఇనుముకు గట్టిగా ఆనించు, ప్లగ్గు రంధ్రానికి మాత్రం దూరంగా. 2023 నవంబరులో విశాఖ హార్బర్‌లో బోట్లు తగలబడిన రాత్రి నుంచి పెట్రోలు వాసన తగిలితే చాలు నాకు గుండె దడ. చాదస్తం అనుకుంటే అనుకో. స్పార్క్ నీలంగా, టక్‌మని కొట్టాలి. పసుప్పచ్చగా, నీరసంగా వస్తే లెక్కలోకి రాదు.

నీలంగా కొట్టింది కదా అని సంబరపడకు. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ అమ్మ పెళ్ళయిన రెండో ఏడు, ఇలాంటి మోటారునే మీ నాన్న నా షెడ్డుకు తెచ్చాడు. దూరం వెళ్తే ఆగిపోతోంది బావా అన్నాడు. నేను తాడు లాగి చూశాను. నీలం స్పార్క్. డ్రమ్ములో పది నిమిషాలు నడిపాను, గడియారంలా నడిచింది. "నీకే నడపడం రాదు" అని ఎగతాళి చేసి, మాట నిలబెట్టుకోవడానికి నేనూ బోటు ఎక్కాను.

ముప్పావు గంట బాగానే వెళ్ళాం. ఉన్నట్టుండి ఆగిపోయింది. ప్లగ్గు తీస్తే పెట్రోలుతో తడిసి కారుతోంది. అక్కడే, అమ్మలూ, నా కళ్ళు మూసుకుపోయాయి. తడి ప్లగ్గంటే పెట్రోలు వస్తోంది, నిప్పు పడటం లేదని మొదటి అనుమానం రావాలి. నేనేమో పెట్రోలు ఎక్కువైందని టార్చి పళ్ళతో పట్టుకుని, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పాను. ఆ పనిలో అరగంట గడిచి మోటారు చల్లబడింది, స్టార్ట్ అయింది. చూశావా నా పనితనం అన్నాను! ఐదు నిమిషాల్లో మళ్ళీ ఆగింది. అలా నాలుగుసార్లు.

లంగరు తాడు అడుగుకు అందలేదు. నీటివాలు ఉత్తరానికి లాగుతుంటే డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు చిన్నదై చిన్నదై పోయింది. మీ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బాలో ఉన్న చద్దన్నం సగం నా వైపు తోసి, "తిను బావా, తెల్లారాక చూద్దాం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. పొద్దెక్కాక భీమిలి వైపు బోటువాళ్ళు మమ్మల్ని తాడు కట్టి లాక్కొచ్చారు.

కాయిల్ మీద వెంట్రుకంత పగులు. వేడెక్కితే లోపల కరెంటు దారి తప్పి కారిపోతుంది, చల్లబడితే ఏమీ ఎరగనట్టు కొడుతుంది. రెండు ప్లగ్గులకూ అదే కాయిల్, అందుకే మొత్తం చచ్చింది.

కాబట్టి డ్రమ్ములో ముప్పావు గంట తగ్గకుండా నడుపు. నీళ్ళు పీల్చే జాలీ మునిగే ఉండాలి, లేకపోతే పంపు రబ్బరు కాలిపోతుంది. ఆగిపోయిందా, వేడి మీదే స్పార్క్ చూడు, కాఫీ తాగొచ్చి కాదు. మీటరుతో కాయిల్ రెసిస్టెన్స్‌ను చల్లగా ఉన్నప్పుడూ, ఆపిన వెంటనే వేడి మీదా కొలువు. అంకె కొద్దిగా పెరగడం మామూలే. మీటరు బాగుందన్నా స్పార్క్ లేకపోతే స్పార్క్ మాటే నమ్ము. చీకటి పడ్డాక పై మూత తీసి నడిపితే, వైర్ల మీంచి ఇనుముకు సన్నటి నీలి దారాలు ఎగరడం కనిపించవచ్చు. అప్పుడు జడ గట్టిగా ముడివేసుకో, చున్నీ ఇంట్లో వదిలెయ్యి. మోటారు పైన తిరిగే ఫ్లైవీల్ చక్రానికి నువ్వు డిప్లొమా చదివావని తెలియదు.

ట్రయల్ రోజున లైఫ్ జాకెట్ వేసుకో. తెడ్లు పెట్టుకోండి, ఒడ్డు కనిపించేంత దూరంలోనే తిరగండి. మీ నాన్న నవ్వితే మావయ్య చెప్పాడని చెప్పు, ఇంక నవ్వడు.

ఈ ఉత్తరం మీ అమ్మ చేతికి చిక్కనివ్వకు. ఆ రాత్రి మేము భీమిలిలో చుట్టాలింట్లో పడుకున్నామని ఇప్పటికీ నమ్ముతోంది.

ఫ్లైవీల్ మీద సుత్తి వెయ్యకు. దాన్ని ఊడదీసే పుల్లర్ నా దగ్గరుంది, తుప్పు పట్టి బిగుసుకుపోతే కిరసనాయిల్లో నానబెట్టాను. ఆదివారం గాజువాక నుంచి బస్సెక్కి నేనే తెస్తాను.

మావయ్య