అడవికి తీసుకెళ్లే తాడు: 550 పారాకార్డ్ కొనాలా, బజారు తాడు చాలా?

మీరు అడిగింది ఇది: వానాకాలంలో నలుగురు కలిసి తాడ్వాయి వైపు టార్పాలిన్ కట్టుకుని ఉండాలి, ఆన్‌లైన్‌లో దొరికే 550 పారాకార్డ్ (పారాచూట్ల కోసం పుట్టిన సన్నని నైలాన్ తాడు) కొనాలా, వరంగల్‌లో అమ్మే నైలాన్ తాడు చాలా, అవసరమైతే అదే తాడుతో వాగు దాటొచ్చా.

వాగు సంగతి ముందు చెప్తాను. ఆ రెండింట్లో ఏదీ దానికి పనికిరాదు. 550 అంటే 550 పౌండ్లు, దాదాపు 250 కిలోలు. కొత్త తాడును ముడి లేకుండా నెమ్మదిగా లాగితే తెగే బరువు అది. ముడి వేస్తే, ఆ ముడిని బట్టి మూడో వంతు నుంచి సగం దాకా బలం తగ్గుతుంది. నైలాన్ తడిస్తే ఇంకో పది పదిహేను శాతం పోతుంది. మనిషి జారి పడితే తాడు మీద పడే దెబ్బ అతని బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. పైగా నాలుగు మిల్లీమీటర్ల తాడు తడి చేతికి పట్టు దొరకదు, అరచేయి కోసేస్తుంది.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. మీరు వెళ్తున్నది ఆ చుట్టుపక్కలకే. పారే నీళ్లలో నడుముకు తాడు కట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. కాలు జారితే తాడు బిగిసి, నీటి వేగం మనిషిని కిందికే తొక్కిపెడుతుంది. వాగు పొంగితే ఇవతలే ఉండిపోండి, తగ్గేదాకా. మనిషిని మోసే తాడు వేరు, దాని సామాను వేరు. తరతరాలుగా మోకుతో తాటిచెట్లెక్కే గీత కార్మికులకే 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక టార్పాలిన్. ఇక్కడ నా అభిప్రాయం చాలామంది చెప్పేదానికి భిన్నంగా ఉంటుంది. టార్పాలిన్ కట్టడానికి 250 కిలోల బలం అక్కర్లేదు. తాడు సాగకుండా ఉండాలి, అంతే. పారాకార్డ్ నైలాన్‌తో చేసింది. పారాచూట్ తాళ్ల కోసం పుట్టింది కాబట్టి, ఒక్కసారిగా పడే కుదుపును తట్టుకునేలా బాగా సాగుతుంది. తెగేలోపు ముప్పై శాతం దాకా సాగుతుంది. వానలో నీళ్లు పీల్చుకుని ఇంకా వదులవుతుంది. సాయంత్రం బిగించి కట్టిన టార్పాలిన్ అర్ధరాత్రికి జారి, మధ్యలో నీళ్లు బానలా నిలుస్తాయి. లక్నవరం దగ్గర మా పక్క గుడారం వాళ్లు రాత్రంతా లేచి తాళ్లు బిగించుకుంటూనే ఉన్నారు. మావి పాలిస్టర్ తాళ్లు, పొద్దున దాకా ముట్టుకోలేదు. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, తడిసినా బలం పోదు, ఎండకు కూడా నైలాన్ కన్నా బాగా ఆగుతుంది. కాబట్టి టార్పాలిన్‌కు మూడు నాలుగు మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడే తీసుకోండి.

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాల్లో నైలాన్ తాడు అని ఇచ్చే నీలం, పచ్చ తాళ్లలో చాలావరకు నైలాన్ కాదు, పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్. తేల్చుకోవడం తేలిక: చిన్న ముక్కను నీళ్ల గ్లాసులో వేసి, బుడగలు పోయేలా వేలితో అదమండి. తేలితే ప్లాస్టిక్. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. ప్లాస్టిక్ తాడు చెడ్డదని కాదు. చవక, తేలికైనది, నీళ్లు పీల్చదు. కానీ మన మే నెల ఎండలో డాబా మీద వదిలేస్తే పెళుసెక్కి, చేతిలో పొడిలా రాలుతుంది. రాపిడి వేడికి కూడా త్వరగా కరుగుతుంది. కొత్తది, నీడలో దాచింది అయితే సామాను కట్టడానికి వాడుకోండి.

అలాగని పారాకార్డ్ వద్దనను. ఒక పదిహేను మీటర్లు సంచిలో ఉండాల్సిందే, ఎందుకంటే దాని విలువ లోపల ఉంది. అసలైన 550 పారాకార్డ్‌లో (సైనిక ప్రమాణంలో దీన్ని టైప్ 3 అంటారు) పైతొడుగు కింద ఏడు నుంచి తొమ్మిది పోగులుంటాయి. చివర కత్తిరించి చూడండి: ఒక్కో పోగు మళ్లీ రెండు మూడు సన్నని పేటలుగా విడిపోవాలి. లోపల దూదిలా వదులు పీచు కుక్కి ఉంటే ప్యాకెట్ మీద ఏ అంకె ఉన్నా అది అలంకారం తాడే. ఆ పోగులు తీసి తెగిన బ్యాగు పట్టీ కుట్టొచ్చు, చెప్పు కట్టుకోవచ్చు, పైతొడుగు అప్పటికీ తాడులా పనిచేస్తుంది. అడవిలో ఏదైనా తెగినప్పుడు దీన్ని మించిన సాయం లేదు. చిన్నా చితకా కట్లకు చేపల వలలు అల్లే నైలాన్ దారం ఒక ఉండ కూడా వేసుకోండి. సన్నగా ఉన్నా గట్టిది. బస్తాలు కుట్టే సుతిలి మాత్రం తడిస్తే నానిపోతుంది, పొడి రోజులకే బాగు.

ఒక తాడు మీద ఇంకో తాడు రాసుకునేలా కట్టకండి, కదలికకు పుట్టే వేడికి నైలాన్ రంపంతో కోసినట్టు తెగుతుంది. కోసిన చివరలను లైటర్‌తో కాల్చి ముద్ద చేయండి, కరిగింది వేలికి అంటితే ఊడదు, పుల్లతో అదమండి. కట్టిన తాళ్లన్నీ విప్పి వెంట తెచ్చుకోండి. వదిలేసిన ఉచ్చులో దుప్పి కాలు పడితే అది విడిపించుకోలేదు. రాత్రి బసకు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి, అది ముందే చూసుకోండి.

మీ టార్పాలిన్ కొలత, కట్టడానికి చెట్లుంటాయా కర్రలు పాతాలా అన్నది రాయండి, ఏ తాడు ఎన్ని మీటర్లు కావాలో లెక్క చెప్తాను.