టెక్ సందేహాలు: స్కానర్ ‘అంతా బాగుంది’ అంటే పాత కారు కొనేయొచ్చా?

ప్రశ్న: గాజువాకలో 2020 చివర్లో రిజిస్టరైన డీజిల్ కారు చూశాను. మీటర్ మీద 58 వేల కిలోమీటర్లు ఉంది. కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలను ఫోన్‌లో చూపే బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్‌లో కొని, పెట్టి చూస్తే ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. అడ్వాన్స్ ఇచ్చేయనా?

జవాబు: అప్పుడే ఇవ్వకండి. పండగ దాటినప్పటి నుంచి నాకు ఇదే ప్రశ్న వస్తోంది, ఊరి పేరు ఒక్కటే మారుతోంది. కోడ్ లేదంటే బండి బాగానే ఉండొచ్చు. లేదా మీరు రావడానికి కాసేపటి ముందు ఎవరో అలాంటి స్కానర్‌తోనే చెరిపేసి ఉండొచ్చు. దానికి ఒక్క బటన్ చాలు.

చెరిపినా ఆనవాలు మిగులుతుంది. స్కానర్ యాప్‌లోనే ‘రెడీనెస్ మానిటర్స్’ అనే పేజీ తెరవండి. పొగకు సంబంధించిన భాగాలను కారు తనంతట తాను పరీక్షించుకుందో లేదో అది చూపిస్తుంది. కోడ్లు చెరిపేస్తే ఇవి మళ్లీ ‘పూర్తి కాలేదు’ స్థితికి వెళ్లిపోతాయి. ఊళ్లోనూ హైవే మీదా కలిపి కొన్నాళ్లు తిరిగితే గానీ అన్నీ పూర్తికావు. ‘రోజూ ఆఫీసుకి ఇదే బండండీ’ అన్న మనిషి కారులో అవి సగం ఖాళీగా ఉన్నాయంటే ఆలోచించాలి. కొన్ని యాప్‌లలో ‘కోడ్లు చెరిపాక తిరిగిన దూరం’ అనే లైను కూడా ఉంటుంది. మొన్న మద్దిలపాలెంలో ఒక ఫ్రెండ్ కోసం చూసిన కారులో ఆ లైను పక్కన 3 కిలోమీటర్లు అని ఉంది. అమ్మే ఆయన ఇంటి నుంచి మేం కలిసిన టీకొట్టుకి సరిగ్గా అంతే దూరం. టీ తాగి వచ్చేశాం.

మీరు చూసిన బండి 2020 ఏప్రిల్ తర్వాతది, అంటే బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణాల డీజిల్ కాబట్టి పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. గాజువాక నుంచి ఎన్ఏడీ కూడలి దాకా, మళ్లీ వెనక్కి, అదీ ట్రాఫిక్‌లో తిరిగిన బండికి ఆ అవకాశం తక్కువ. ఫిల్టర్ మార్చాల్సి వస్తే బేరంలో తగ్గించిన డబ్బంతా అక్కడే పోతుంది. మీ స్కానర్ మసి లెక్క చూపిస్తే సరే, లేకపోతే సర్వీస్ సెంటర్‌లో చూపించండి. అక్కడే ఛాసిస్ నంబర్ ఇచ్చి పాత జాబ్ కార్డులు, అంటే ప్రతి సర్వీసుకీ మీటర్ రీడింగ్‌తో రాసే కాగితాలు, అడగండి. రెండేళ్ల కిందటి కార్డులో 71 వేలని ఉంటే మీటర్ మీది 58 వేల కథ తెలిసిపోతుంది.

ఇక ఏ యాప్‌కీ కనపడనిది తుప్పు. బీచ్ రోడ్డు పక్కన ఏళ్ల తరబడి బయట నిలబెట్టిన కారు పైన తళతళలాడుతుంటుంది, కింద సస్పెన్షన్, సైలెన్సర్ పొరలు పొరలుగా రాలుతుంటాయి. కంచరపాలెంలో నాకు తెలిసిన మెకానిక్ నా చేతిలో స్కానర్ చూసి, ‘దానికేటి తెలుస్తాది బాబూ, కింద పడుకుని సూడాలి గానీ’ అన్నాడు. నిజమే. టైర్ల మీది నాలుగంకెలు చూడటం మాత్రం మీరే చేయొచ్చు. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

ప్రశ్న: మాది మధురవాడ. నాలుగు నెలల కిందట సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నాను. రాత్రిపూట పార్కింగ్‌లో రెండుసార్లు దానంతటదే స్టార్టై ఏసీ ఆన్ అయింది. ఎలక్ట్రీషియన్ వైరింగ్ అంతా విప్పి చూశాడు, ఏమీ దొరకలేదు. ఇంట్లోవాళ్లు నిమ్మకాయలు కట్టమంటున్నారు.

జవాబు: నిమ్మకాయలు కట్టుకోండి, కానీ ముందు పాత ఓనర్‌కి ఫోన్ చేయండి. కారుని ఫోన్ నుంచే స్టార్ట్ చేయడానికి కంపెనీ ఇచ్చే యాప్ ఉంటుంది, బండి ఇంకా ఆయన యాప్‌లోనే ఉందేమో అడగండి. ఆయన అదే కంపెనీ కొత్త కారు కొని ఉంటే యాప్‌లో రెండు బళ్లూ కనిపిస్తాయి. తన కారు చల్లబరుచుకుందామని నొక్కితే మీది మొదలైందేమో. ఆయన మంచివాడైతే ఇది నవ్వుకునే సంగతే. కాకపోతే? ఆ యాప్‌లో మీ బండి ఎక్కడుందో కనిపిస్తుంది, ఏ రోజు ఎటు వెళ్లారో కనిపిస్తుంది, చాలా మోడళ్లలో డోర్ లాక్ కూడా తీయొచ్చు. తాళాలు రెండూ మీ చేతికే ఇచ్చాడు గానీ మూడోది ఆయన ఫోన్‌లో ఉండిపోయింది.

అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ చేసే పొరపాటు ఏమిటంటే, డాష్‌బోర్డ్ స్క్రీన్‌ని రీసెట్ చేసి పనైపోయిందనుకోవడం. దాంతో పోయేది స్క్రీన్‌లోని సమాచారమే. ఖాతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, అక్కడ పాత ఓనర్ పేరు అలాగే ఉండొచ్చు. అందుకే డబ్బు చేతులు మారకముందే, మీ కళ్లెదుట, ఆయన ఫోన్‌లోంచి కారుని తీసేయించండి. తర్వాత ఆర్సీ పట్టుకెళ్లి సర్వీస్ సెంటర్‌లో మీ పేరు మీద ఖాతా తెరిపించుకోండి. స్క్రీన్ రీసెట్ కూడా చేయండి, అది అమ్మేవాళ్ల మంచికి. ఒక కారులో బ్లూటూత్ లిస్ట్ నొక్కితే పాత ఓనర్ ఫోన్‌బుక్ మొత్తం వచ్చింది. ‘పాలు అప్పన్న’, ‘అత్తయ్య కొత్త నంబర్’, ‘బ్యాంక్ లోన్ సార్’, పైన మ్యాప్‌లో ‘ఇల్లు’. ముక్కూమొహం తెలియని మనిషి సంసారమంతా నా ముందుంది.

దీనికి వాడేవాళ్లని మాత్రమే తిట్టి లాభం లేదు. బండి చేతులు మారితే రవాణా శాఖకి ఫారం 29, ఫారం 30 ఇవ్వాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. కారుని దూరం నుంచి స్టార్ట్ చేసే యాప్ మాత్రం ‘బండి ఇంకా మీదేనా?’ అని ఏడాదికోసారి కూడా అడగదు. పాటల యాప్‌లు సైతం ‘కొత్త ఫోన్‌లో లాగిన్ అయ్యారు, మీరేనా?’ అని మెయిల్ పంపుతాయి. పది లక్షల వస్తువుకి ఆ పాటి జాగ్రత్త లేదు. సన్‌రూఫ్‌ని నోటిమాటతో తెరిపించడానికి పెట్టిన బుర్రలో పావు వంతు ఇక్కడ పెడితే సరిపోయేది.

ఫాస్టాగ్‌దీ ఇదే తంతు. పాతది అలాగే ఉంచుకుంటే నాతవలస టోల్ దాటగానే డబ్బు ఆయన ఖాతాలో కోత, మెసేజ్ ఆయన ఫోన్‌కి. దాన్ని మూయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి.

ప్రశ్న: స్కానర్‌ని కారుకే పెట్టి ఉంచేయొచ్చా? తీయడం, పెట్టడం విసుగ్గా ఉంది.

జవాబు: వద్దు. చవక స్కానర్లలో చాలావాటికి పిన్ 1234 లేదా 0000. పక్క బండిలో కూర్చున్నవాడు కూడా కలుపుకోగలడు. పైగా వాటిలో కొన్ని కారు ఆపినా కరెంటు తాగుతూనే ఉంటాయి. కొన్నాళ్లు ఊరెళ్లి వస్తే బ్యాటరీ దిగిపోయి ఉండొచ్చు. ఇంకోటి, ఆ స్కానర్ యాప్ మీ కాంటాక్టులు చూస్తానని అడిగితే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. ఇంజిన్ వేడి కొలవడానికి మీ అత్తయ్య నంబర్‌తో దానికేం పని?